బంద్ కాదు, ఖతం

అవ్వ చెయ్యి ఆగిందా లేదా అన్నదొక్కటే వినీత చూస్తుంది. ఎల్లారెడ్డిలో రేకుల ఇంటి ముందు, ఒళ్లో చాట పెట్టుకుని యాదవ్వ బీడీలు చుడుతుంటే, బస్సు వేళకు ముందు కూతురు తాను రాసిన పేజీ పైకి చదువుతుంది. తేటగా ఉన్న వాక్యానికి పొగాకు మరకల ఆ వేళ్లు ఆగవు. తికమక వాక్యానికి తునికాకు సగం చుట్టులో నిలిచిపోతుంది.

కామారెడ్డిలో విత్తనాల దుకాణం మీది గదిలో రాజలింగు నడిపే కంపెనీ, వెబ్‌సైట్లకు తన సర్వర్‌లో చోటు అమ్ముతుంది. ఊళ్లలోని నెట్ సెంటర్ల వాళ్లు తమ గిరాకీల సైట్లను తెరవడానికి, ఆపడానికి తమ కంప్యూటర్ నుంచే ఆదేశాలు పంపుతారు. ఆ ఏర్పాటు పేరు ఏపీఐ. ఏ ఆదేశం ఏం చేస్తుందో తెలుగులో వివరించడం వినీత ఉద్యోగం. ముప్పై దాటిన మనిషి. సన్నని ముఖం, ముక్కు మీద కళ్లద్దాల నొక్కులు, ఇదివరకు పెళ్లిపత్రికలు టైపు చేసిన కాలంలోనే వంగిన భుజాలు. కుదిరిన సంబంధం ఒకటి తప్పిపోయాక ఇంట్లో ఆ ప్రస్తావన మళ్లీ రాలేదు. రాసిన దేని కిందా ఆమె పేరు ఉండదు.

ఆ పొద్దున చదివిన వాక్యం పాతది, అవ్వకు వినిపించకుండానే ఆమె పెట్టేసినది: ‘బంద్ ఆదేశం పంపితే సైటు బంద్ అవుతుంది.’

మొన్నటి సకల జనుల సమ్మెలో ఎల్లారెడ్డి నెట్ సెంటర్ యాకూబు ఆ వాక్యాన్ని నమ్మాడు. దుకాణం మూసినన్నాళ్లు సైటు కూడా మూసి ఉంచమని ఫొటో స్టూడియో మైసన్న అడిగితే, బంద్ ఆదేశం పంపాడు. సమ్మె ముగిశాక చూస్తే సైటు లేదు, అందులోని పెళ్లిళ్ల ఫొటోలు లేవు. ఆ ఆదేశం సర్వర్‌లో ఉన్నదంతా తుడిచేస్తుంది. మైసన్న దగ్గర వేరే ప్రతి లేదు.

రేపు మళ్లీ బంద్ పిలుపు ఉంది. నాగిరెడ్డిపేటలోనూ డోంగ్లిలోనూ నెట్ సెంటర్లు చూసుకునేది అదే పేజీ.

యాదవ్వ చెయ్యి ఆగింది.

“బంద్ అంటే తెల్లారి తెరుస్తరు గద బిడ్డా. తెరువకుంటే దాన్ని బంద్ అనరు.”

“మరేమంటరవ్వా?”

“ఖతం అంటరు. గీ ముచ్చటకు డిగ్రీ సదివినవా?”

బస్సులో వినీత కొత్త వాక్యాన్ని కూర్చుకుంది. ఆఫీసులో చెబితే రాజలింగు ఒప్పుకోలేదు. ఇప్పుడు మార్చితే తప్పు కంపెనీదని ఒప్పుకున్నట్టేనని, మైసన్న అదే పట్టుకుని కోర్టు మెట్లెక్కుతాడని అన్నాడు. అంతటితో ఆగలేదు.

“ఖతమని రాస్తే ఎవడు కొంటడు? దుకాణం పెట్టినమా, వల్లకాడు పెట్టినమా?”

అర్థం కాని వాక్యం కూడా కొందరికి ఆస్తే. దానికి కాపలా కాస్తారు.

ఆయన భోజనానికి వెళ్లాక వినీత టైపు చేసింది: ‘ఈ ఆదేశం పంపితే సైటు ఖతం. అందులో ఉన్నదేదీ మళ్లీ రాదు. కొన్నాళ్లు మూసి ఉంచాలంటే “ఆపు” అనే ఆదేశం పంపండి. ఆపినదాన్ని ఎప్పుడైనా తెరవొచ్చు.’ గొంతు తగ్గించి చదువుకుంది. ఎక్కడా ఆగాల్సిన పని కనబడలేదు. పేజీని అందరికీ కనిపించేలా పెట్టేసింది.

తిరిగొచ్చిన రాజలింగు చూశాడు. తీసెయ్యమన్నాడు.

“తియ్య సార్. రేపు బంద్ ఉన్నది.”

“బందే గద, ఇంట్ల ఉండు. ఎల్లుండి గూడ రాకు.”

వినీత సంచి భుజాన వేసుకుంది. తలుపు దగ్గర ఆగి, కోపంతో కాదు, ఏ వాక్యాన్నైనా అడిగినట్టే అడిగింది.

“సార్, బందా, ఖతమా?”

ఆయన ఆమె వైపు చూడలేదు.

“ఖతమే.”

ఆ మాటలో తికమక లేదు. ఆమె మెట్లు దిగి బస్‌స్టాండు వైపు నడిచింది.

రాజలింగు ఆమె కుర్చీలో కూర్చుని కొంతసేపు మీటలు నొక్కాడు. పాత వాక్యాన్ని తిరిగి ఎలా పెట్టాలో ఆయనకు తెలియదు; ఆ పేజీలను ఆమె తప్ప ఎవరూ ముట్టింది లేదు. విసుగు పుట్టి లేచిపోయాడు. కొత్త వాక్యం అలాగే ఉండిపోయింది.

కింద దుకాణం పక్క హోటల్ నడిపే భూదేవి టీ తెచ్చి, వినీత ఎటో పోయిందనుకుని, ఆమె బల్ల మీద అలవాటైన చోటనే పెట్టి వెళ్లింది. ఆమె కోసమే చక్కెర తక్కువ వేసి కలిపిన ఆ గ్లాసులో, ఫ్యాను గాలికి మీగడ మెల్లగా ముడతలు పడుతోంది.