కట్ చెప్పని షాట్

తమిళనాట ధర్మపురి బస్టాండు పక్కన పొద్దున ఆరింటికి కూలీలు నిలబడే చోట మాదమ్మాళ్ కనబడని రోజు లేదు. పాతికేళ్ళుగా ఆమె చిత్తాళు, అంటే మేస్త్రికి సిమెంటు కలిపి తట్టల్లో అందించే మనిషి. ఏడయ్యేలోపు ఎవరో ఒక మేస్త్రి వచ్చి పిలుచుకుపోతాడు, పొద్దుగూకే వేళకి ఒళ్ళంతా సిమెంటుతో ఇల్లు చేరుతుంది. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, కోపమొస్తే రెండూనూ.

కోపం మాత్రం తరచుగానే వచ్చేది. ఎందుకు రాదు మరి? పదిహేడేళ్ళ కిందట ఆమె మొగుడు కాళియన్, ఆమె తట్టలందిస్తే గోడలు కట్టినవాడు, చేతిలో మంచి పనితనమున్న మేస్త్రి, సినిమా సెట్టు కట్టాలని రాజస్థాన్ పోయి మళ్ళీ రాలేదు. అక్కడెవతినో చూసుకొని నిలిచిపోయాడని, వెంట తీసుకుపోయిన కంట్రాక్టరు వచ్చి చల్లగా చెప్పి పోయాడు. అప్పటికి కూతురు మేనకకి ఎనిమిది నెలలు. ఆ రోజు నుంచి వీధిలో మాదమ్మాళ్‌ని పేరుపెట్టి పిలిచినవాళ్ళు తక్కువ. 'మొగుడు వదిలేసినామె' అంటే చాలు, ఎవరో అందరికీ తెలిసిపోయేది. ఆ మాట చెవిన పడితే ఆమె రెండు భాషల్లోనూ తిట్టేది.

ఇలా ఉండగా ఒక ఆదివారం అదే వీధిలో ఉండే రాజమాణిక్కం ఇంటికొచ్చాడు. ఒక టూరిస్టు వ్యానుకి ఓనరూ అతనే, డ్రైవరూ అతనే. ఏటా పన్నెండుమంది సినిమా పిచ్చోళ్ళని పోగేసి, గ్యాసు స్టవ్వూ రసం పొడీ వేసుకొని, రాజస్థాన్‌లో షూటింగులు జరిగిన చోట్లన్నీ తిప్పుకొస్తాడు. అక్కడి ఇసుక సంగతి తెలిసిందే కదా. తన మీద తీసిన షాట్‌ని అది మరిచిపోదు. ఏ వేళకి తీశారో ఆ వేళకి రోజూ మళ్ళీ నడిపిస్తుంది. గుర్రాలు, రాణులు, కత్తియుద్ధాలు, అన్నీ ఇసుకలోంచి లేస్తాయి, 'కట్' అన్న కేక వినబడగానే అణిగిపోతాయి. జనం మురుకులు నములుతూ చూసి, చప్పట్లు కొట్టి, వ్యానెక్కుతారు.

"అక్కా, పోయిన ట్రిప్పులో కొత్త దారి పట్టినాను, జైసల్మేర్ దాటినాక ఒక షాట్ ఉండాది," అన్నాడు రాజమాణిక్కం తల దించుకొని. "రాజు కోట కట్టించే సీను. దానికి కట్ చెప్పలేదంట. అందులో గోడ కట్టే మేస్త్రిని చూసినాను. అచ్చం మన బావ మాదిరే ఉండాడు."

మాదమ్మాళ్ ఏడవలేదు. రెండు సీట్లు చెప్పింది, ఒకటి తనకి, ఒకటి మేనకకి.

నాలుగు రోజుల దారి. కృష్ణగిరి దాటకముందే ఆమె తిట్లు పోగేయడం మొదలుపెట్టింది. బెంగళూరుకి వాటిని వరసలో పెట్టింది, గుజరాత్‌లో ఉత్తవాటిని తీసేసి పదునైనవే ఉంచుకుంది. ఫోటోలో తప్ప చూడని నాయన కనబడితే ఏమని పిలవాలో తెలియక, మేనక దారంతా కిటికీకి తల ఆనించి కూర్చుంది.

ఆఖరికి ఆ చోటు వచ్చింది. పొద్దు వాలుతోంది. వ్యాను దిగినవాళ్ళు దిగినట్టే నిలబడిపోయారు.

గోడ! రాజమాణిక్కం చెప్పినప్పుడు సెట్టు గోడే కదా, మహా అయితే ఇరవై గజాలుంటుందిలే అనుకున్నారు. ఇది ఎడారిని రెండు ముక్కలు చేసి, దిబ్బలెక్కి దిగి, చూపు ఆనినంత దూరం పోయింది. నున్నగా, గుడ్డు పెంకులాగా ఉంది. ఎండ దానిమీద పడి అంత ఇసుకా బంగారమైపోయింది. పన్నెండుమందిలో ఒక్కరికీ ఫోను తీయాలన్న ధ్యాస లేదు. మాదమ్మాళ్ దగ్గరికెళ్ళి అరచెయ్యి ఆనించి నడిచింది. ఎంత నడిచినా చేతికి ఒక్క మిట్ట తగల్లేదు, ఒక్క గుంట తగల్లేదు. ఈ పనితనం ఎవరిదో ఆమె చేతికి తెలిసిపోయింది. పోగేసుకొచ్చిన తిట్లలో ఒక్కటీ నోటికి రాలేదు.

అక్కడ టీ అమ్మే ముసలాయన హిందీలో చెప్తుంటే రాజమాణిక్కం తెలుగు చేశాడు. పదిహేడేళ్ళ కిందట, సెట్టు మేస్త్రినే నిలబెట్టి గోడ కట్టిస్తున్న షాట్ మధ్యలో ఇసుక తుఫాను లేచింది. కెమెరాలు సర్దుకొని అందరూ పరుగు. కట్ చెప్పేవాడు లేడు. కట్ వినబడకపోతే ఆ షాట్ ఆగదు, అందులోని మనుషులకి వయసూ రాదు. షాట్‌లో చిక్కుకున్న రాజూ, భటులూ కొన్నాళ్ళకి విసుగొచ్చి ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. మేస్త్రి ఒక్కడే కడుతూనే ఉన్నాడు. ఊరివాళ్ళు కట్ అన్నారు, టూరిస్టులు అన్నారు, ఆ డైరెక్టరే వచ్చి మైకులో అరిచాడు. అతను వెనక్కి తిరిగితే కదా!

గోడ చివర కాళియన్ ఉన్నాడు. పోయిన నాటి ముప్పైరెండేళ్ళ మనిషే, ఒక్క వెంట్రుక నెరవలేదు. పక్కనున్న తట్టలో సిమెంటు ఎంత తీసినా తరగడం లేదు.

మాదమ్మాళ్‌కి అప్పుడు అర్థమైంది. ఓనరు చాలన్నా, ఇంజనీరు చాలన్నా మేస్త్రి తాపీ దించడు. కలిపిన సిమెంటు ఎండిపోతే పాపమని వాళ్ళ పట్టింపు. చిత్తాళు వచ్చి తట్ట బోర్లిస్తేనే ఆ పూటకి పని ముగిసినట్టు. కంట్రాక్టరు చెప్పింది అబద్ధం, వీడు పెళ్ళాన్ని వదిలేసి ఎక్కడికీ పారిపోలేదు, మేస్త్రిగా ఇక్కడ నిలిచిపోయాడు. పదిహేడేళ్ళుగా తట్ట బోర్లించే మనిషి కోసం చూస్తున్నాడు. ఆ మనిషేమో ధర్మపురిలో కూర్చొని వీడిని తిట్టుకుంటోంది.

ఆమె కొంగు దోపుకొని పోయి, తట్ట ఎత్తి బోర్లించింది.

కాళియన్ చెయ్యి ఆగింది. తాపీ కింద పెట్టి, నడుం పట్టుకొని మెల్లగా తిరిగాడు. ఆమె నెరిసిన జుట్టు వంక చూశాడు.

"ఏమే, ఇంత సేపు చేసినావు?" అన్నాడు. అంతలోనే ఏదో గుర్తొచ్చినట్టు, "పాప పాలు తాగిందా?"

"తాగింది," అని, మాదమ్మాళ్ మేనకని చెయ్యి పట్టి ముందుకు లాగింది.

మేనక నీళ్ళ సీసా మూత తీసి ఆయన చేతులమీద పోసింది. సిమెంటు కరిగి ఇసుకలోకి జారుతుంటే, దానికింద నుంచి ముడతలు తేలాయి, నరాలు లేచాయి. మొహం కడుక్కునేసరికి మీసం తెల్లబడింది. రెండో సీసా అయ్యేలోపు పదిహేడేళ్ళూ వచ్చి ఆయన మీద కూర్చున్నాయి. కాళియన్ తన చేతుల్ని తిప్పి తిప్పి చూసుకున్నాడు, తర్వాత తనకంటే పొడుగైన పాపని చూసి గట్టిగా ఏడ్చాడు.

టీ ముసలాయన దగ్గరికొచ్చి, ఈ మనిషి మీకేమవుతాడని అడిగాడు. రాజమాణిక్కం హిందీలో చెప్పబోతే మాదమ్మాళ్ ఆపింది. వ్యానులో వచ్చినవాళ్ళందరికీ వినబడేలా, తెలుగులోనే చెప్పింది.

"నా మొగుడు. పనికి వచ్చినాడు. పని అయింది, ఇంటికి పిలుచుకొని పోతా ఉండాను."