పక్కకి తిరిగిన ఇలువంతి

ప్రసారం మొదలుపెట్టే ముందు పంజితి ప్రతి పొద్దునా పాత టేపులు వేసి చూసుకునేది. ఊళ్లో ఎవరు పోయినా, టేపుల్లో వాళ్లు కెమెరాకి వీపు పెట్టి కూర్చునేవారు. పోయినవాళ్ల ముఖం చూపించకూడదు, పేరు పలకకూడదు అన్నది అక్కడి ఆదివాసుల కట్టుబాటు. ఆ మర్యాద వాళ్లే పాటించేవారు కాబట్టి ఆమెకి కత్తిరించే పని తప్పేది. మధ్య ఆస్ట్రేలియా ఎర్ర ఎడారిలో దాన్నెవరూ వింతగా చెప్పుకోలేదు.

ఊరి టీవీ స్టేషన్ పెట్టింది పంజితి పెద్దమ్మ. ఉపగ్రహం మీదుగా ఆకాశంలోంచి పట్నం ఛానెల్ దిగుతోందంటే, ఇక పిల్లల నోట్లో మన మాట మిగలదని, లైసెన్సు రాకముందే రేకుల షెడ్డు మీద యాంటెన్నా నిలబెట్టింది. పట్నం ఛానెల్‌ని మధ్యలో ఆపి సొంత కార్యక్రమం వేసే మీట ఇప్పటికీ ఆ షెడ్డులోనే ఉంది. పెద్దమ్మ మాత్రం ఇప్పుడు అన్ని టేపుల్లోనూ వీపే.

ఆ శనివారం, చెల్లెలు ఇలువంతి నిప్పుల్లో రొట్టె కాలుస్తున్న టేపు వేసింది. నిన్నటిదాకా ఎదురుగా నవ్విన మనిషి పక్కకి తిరిగి ఉంది.

ఇలువంతి ముందురోజు చక్కెర జబ్బు మందులకని టౌనుకి వెళ్లింది. ఆసుపత్రికి రాలేదన్నారు. చిన్నమ్మ ఇంటికీ రాలేదు. చివరికి పోలీసులకి ఫోన్ చేస్తే, రోడ్డు పక్కన తూలుతుంటే తెచ్చి లోపల వేశామన్నాడు సార్జెంటు.

"తాగి పడుంది. లేచాక పంపిస్తాం."

"అది తాగదు సార్. చక్కెర జబ్బు. నర్సుని పిలవండి."

"అందరూ అదే చెప్తారమ్మా," అని పెట్టేశాడు. మధ్యాహ్నందాకా ఇంకో ఆరుసార్లు పెట్టేశాడు.

టేపులో చెంప పోయి చెవి మిగిలింది. పంజితికి ఒళ్లు మండిపోయింది. పట్నం ఛానెల్‌లో ఫుటీ ఫుట్‌బాల్ ఫైనల్ నడుస్తుండగా మీట నొక్కింది. పదకొండు ఊళ్ల టీవీల్లో ఆట పోయి ఇలువంతి చెవి వచ్చింది.

"నా చెల్లెలు తిరిగిపోతోంది, చూడండి," అంది మైకులో. "పోలీసుల నంబరు చెప్తున్నా, రాసుకోండి. మర్యాదగా అడగక్కర్లేదు."

ఎవరూ మర్యాదగా అడగలేదు. గంటసేపు పోలీసు స్టేషన్‌లో ఫోన్ కింద పెట్టే వీలే లేకపోయింది. ముసలమ్మలు సొంత భాషలో వాళ్ల ఏడుతరాలనీ తిట్టారు. పాస్టరు కూడా తిట్టాడట. ఆ మోత భరించలేక ఎవరో లాకప్ తలుపు తీసి నర్సుని పిలిచారు.

టేపులో ఆమె తిరగడం చెవి దగ్గరే ఆగింది. కాసేపటికి గడ్డం, తర్వాత ఒక కన్ను కనిపించాయి.

ఆసుపత్రి వరండాలోంచి సార్జెంటే ఫోన్ చేశాడు. చెల్లెలు గండం దాటింది కదా, ఇక జనాన్ని ఆపమన్నాడు.

"దాని గొంతు వినిపించండి. అప్పుడు చూద్దాం."

సార్జెంటు బూట్ల చప్పుడు వరండాలోంచి లోపలికి నడిచింది. తర్వాత సన్నగా, "అక్కా, ఫైనల్ ఎవరు గెలిచారు?"

"తెలీదే. ఆపేశాను."

"ఫైనల్ ఆపేశావా? సిగ్గులేదూ నీకు?"

పంజితి ఫోన్‌ని మైకుకి ఆనించింది.

"పదకొండు ఊళ్లు వింటున్నాయే," అంది. "మళ్లీ తిట్టు."