"సెలవుల కోసం మార్చారా?"

ఆ ప్రశ్న అడిగింది నేనే. నాకు ఎవరెవరి మీదో కోపం ఉంది, అదంతా చెబుతాను. కానీ ప్రశ్న మాత్రం నాది.

అబుదాబిలో ఒక విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ మిన్ దగ్గర నేను పరిశోధన సహాయకుణ్ణి. చదివింది మనస్తత్వశాస్త్రం, ఉద్యోగం తెచ్చిపెట్టింది కొరియన్ భాష. విదేశాల్లో ఉన్న కొరియన్ కుటుంబాలు ఎలా మారుతున్నాయన్నది ప్రొఫెసర్ విషయం. 2023 జూన్ మూడు సాయంత్రం, యూన్ అనే ఇంజనీరు తన తండ్రికి పెట్టే జెసాను వీడియో తీయడానికి వెళ్లాం. జెసా అంటే మన తద్దినం లాంటిదే. పోయిన తిథిని చూసుకుని బల్ల మీద అన్నం, పులుసు, చేప, పళ్లు వరసగా అమరుస్తారు. పోయినవాళ్లు తిన్నారనుకున్నాక మిగతావాళ్లు తింటారు.

ముసలావిడ, అంటే యూన్ తల్లి, మా ఫారంలో తన భర్త పోయిన రోజును ఐదో నెల పున్నమి అని రాసింది. ఆ ఏడు వాళ్ల లెక్కలో అది జూలై రెండున పడింది. వీళ్లు నెల ముందే పెట్టేశారు. తర్వాతి వారం యూన్ దంపతుల్ని ఎందుకని అడిగాను. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మౌనం భరించలేక నేనే అందించాను.

"సెలవుల కోసం మార్చారా?"

"అవును," అన్నాడు యూన్.

"అవునవును. జూలైలో పిల్లలకి స్కూలు ఉండదు, సియోల్ వెళ్తాం కదా," అంది భార్య.

కారణం తెలియని మనిషికి ఒక కారణం ఇస్తే, పుట్టినప్పటి నుంచీ తనదే అన్నట్టు తొడుక్కుంటాడు. నా చదువులో ఇది మొదటి ఏడాది పాఠం. అందులో నాకు మంచి మార్కులే వచ్చాయి.

ఆ రెండు అవునుల మీద ప్రొఫెసర్ ఇరవై రెండు పేజీల వ్యాసం కట్టాడు. పితృదేవతలకు కూడా సెలవులను బట్టి సమయం కేటాయించే కొత్త కొరియన్ కుటుంబం అని. సదస్సుల్లో చప్పట్లు కొట్టారు. యూన్ పొంగిపోయి కొరియన్ ప్రతి అచ్చు తీయించి తల్లికిచ్చాడు.

మరుసటి ఏప్రిల్‌లో రెండో విడత ఇంటర్వ్యూకి వెళ్తే వాళ్లింటి పనిమనిషి పేరమ్మ తలుపు తీసింది. ముమ్మిడివరం దగ్గర మనిషి. మూడేళ్లుగా ఆ ఇంట్లోనే ఉంటోంది. అంతకుముందు రెండుసార్లు నాకు టీ ఇచ్చింది. నేను తెలుగువాణ్ణని ఆమెకి చెప్పనేలేదు, ఎందుకో.

లోపలికి వస్తూ ఫోన్లో తెలుగు మాట్లాడాను. ఆమె విని ఆగిపోయింది.

"మీరు మనోళ్లేనాండీ? ఇన్నాళ్లూ నోట్లో ఏం పెట్టుకున్నారు బాబూ?" అని వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించింది. "ఆ కాగితాల్లో ఏం రాసేరండి? పదకొండు రోజులయ్యింది, మామ్మగారు కొడుకుతో మాట్టాడి. గంజి తప్ప ముట్టట్లేదు. అదీ నేను బతిమాలితే."

చెప్పాను. సెలవుల కోసం కొడుకు తండ్రి రోజు మార్చాడని రాశాం, అని.

"ఆయనెక్కడ మార్చేడండీ? రోజు చెప్పేది నేను కదా."

ఫ్రిజ్ పక్కన తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. ఊరి శివారు ముసఫాలో, ఒక ఫ్యాక్టరీలో చేసే ఆమె మరిది వెంకీ ఏటా ఒకటి తెచ్చిస్తాడట. వచ్చిన కొత్తలో మామ్మగారి ఐదో నెల పున్నమి, మన జ్యేష్ఠ పున్నమి ఒక్కటేనని పేరమ్మ కనిపెట్టింది. రెండేళ్లు సరిపోయింది. ముసలావిడ మురిసిపోయి ఇక ఆ పని ఈమెకే వదిలేసింది. కోడలు బల్ల దగ్గరికి రాదు. కొడుకు పిలిస్తే వచ్చి మొక్కి వెళ్తాడు.

పాత క్యాలెండర్ ఉందా అన్నాను. దేవుడి బొమ్మ ఉందని దాచిందట, పిండి డబ్బా వెనకనుంచి తీసింది. చూశాను. ఆ ఏడు మనకి శ్రావణం రెండుసార్లు వచ్చింది. కొరియన్ల అధికమాసం వసంతంలోనే వచ్చేసింది. మధ్యలో నాలుగైదు నెలలు రెండు లెక్కలూ నెల తేడాతో నడిచాయి. మన జ్యేష్ఠం వాళ్లకి నాలుగో నెల.

పేరమ్మ చెయ్యి క్యాలెండర్ మీదే ఉండిపోయింది.

"అంటే ఆయన్ని రాని రోజు పిలిచి, వచ్చిన రోజు పస్తు పంపేనన్నమాట."

"తప్పు నీది కాదమ్మా."

"నాది కాపోతే ఎవరిదండి? ఆ బాబుదా? పాపం, ఆయనకేం తెల్సని." పాత క్యాలెండర్ చుట్టేసింది. "నేను చెప్తే మేడం వీసా కేన్సిల్ అంటాది, ఖలాస్, ఇంటికే. చెప్పాపోతే ఈవిడ ఇలాగే ఎండిపోద్ది. మీ పెద్దసారుని రాయమనండి, తప్పు పేరమ్మదీ అని. పేరెట్టే రాయమనండి. అచ్చులో ఉంటే మామ్మగారు నమ్ముతారు. పెద్దసారు మాటంటే మేడం కూడా ఎక్కువ అరవదు."

మర్నాడు పొద్దున్న ప్రొఫెసర్ అంతా విన్నాడు. ఓపిగ్గా వినడం ఆయన వృత్తి.

"ఆ పనిమనిషి మన నమూనాలో లేదు," అన్నాడు.

"క్యాలెండర్ ఆమెదండీ."

"కుటుంబం తమ నిర్ణయమని ఒప్పుకుంది. రికార్డింగ్ ఉంది."

"ఆ మాట నేను వాళ్ల నోట్లో పెట్టాను."

"అయితే అది నీ పొరపాటు. వ్యాసానిది కాదు." తర్వాత ఆయన కళ్లు మెరిశాయి. "కానీ ఇది చాలా బావుంది. ఇంకో వ్యాసం అవుతుంది. నిబంధనల ప్రకారం పేరు రాయకూడదు, పి. అందాం."

గదికొచ్చి ఆనాటి వీడియో అసలు ప్రతి చూశాను. చేప తల తూర్పుకి తిప్పిన చెయ్యి ఆమెది. అన్నంలో చెంచా నిలబెట్టింది ఆమె. యూన్ ఎటు మొక్కాలో కళ్లతో చూపించిందీ ఆమే. సదస్సులో చూపించిన ప్రతిలో ఇవేవీ లేవు. పనిమనిషి అడ్డొచ్చిందని అంచులు కత్తిరించింది నేను. ఇంత శాస్త్రం చదివి, ఒక ఇంట్లో ఎవరు ఎవర్ని తల్చుకుంటున్నారో చూడలేకపోయాం. చూడలేకపోవడం కూడా కాదు, చూసి కత్తిరించాం. మళ్లీ దానికి విధానం అని ఒక అధ్యాయం!

మర్నాడు పేరమ్మకి చెప్పాను, రాయరట అని.

"ఎందుకు రాయరు?"

"నువ్వు లెక్కలో లేవట."

ఆమె చేతులు తుడుచుకుంది. "పోనివ్వండి. నేనే చెప్తాను. కొరియా మాట ఇంత పొడుగున నాకు రాదు, మీరు సరిగ్గా చెప్పండి. తీపి పుయ్యకండి."

పేరమ్మ పాత క్యాలెండర్, నేను అచ్చు తీసి తెచ్చిన ఆ ఏటి కొరియన్ క్యాలెండర్ పట్టుకుని ముసలావిడ గదిలోకి వెళ్లాం. పేరమ్మ నేలమీద కూర్చుని చెప్పింది, నేను మాట పొల్లుపోకుండా అనువదించాను. చివర నా ప్రశ్న గురించి కూడా చెప్పాను. ముసలావిడ రెండు క్యాలెండర్ల మీదా వేలు పెట్టి నెలలు లెక్కపెట్టుకుంది. తర్వాత నావైపు చూసింది.

"మార్చలేదు సరే. మరి మావాడికి ఆ రోజు తెలుసా?"

పేరమ్మకి ఆ మాత్రం కొరియన్ వచ్చు. "అది చెప్పకండి బాబూ," అంది తెలుగులో.

నేను చెప్పలేదు. నా మౌనం ఆవిడకి సరిపోయింది.

ఐదున్నరకి యూన్ వచ్చాడు. తల్లి కూడా వంటింటి బల్ల దగ్గరికి వచ్చి కూర్చుంది. పదమూడు రోజుల తర్వాత కొడుకుతో మొదటి మాట.

"మీ నాన్న ఏ రోజు పోయారు?"

అతను నోరు తెరిచాడు. ఆ మౌనాన్ని నేను గుర్తుపట్టాను. ఈసారి నోరు కట్టేసుకున్నాను. అతని కళ్లు తల్లి మీదినుంచి జారి, నన్ను దాటి, పేరమ్మ మీద ఆగాయి.

"ఓవల్ బోరుమ్," అంది పేరమ్మ మెల్లగా. ఐదో నెల పున్నమి.

"ఓవల్ బోరుమ్," అన్నాడు యూన్. అతని చెవులు ఎర్రబడ్డాయి.

ముసలావిడ కోడలి గదివైపు కూడా వినబడేలా అంది, "ఈమె ఈ ఇంట్లోంచి ఎక్కడికీ వెళ్లదు. వెళ్తే ఇద్దరం వెళ్తాం." ఆ పైన గిన్నె ముందుకు లాక్కుని, గంజి కాదు, అన్నం పెట్టమని సైగ చేసింది.

వ్యాసం వేసిన పత్రికకి ఉత్తరం రాయడానికి రాత్రిదాకా ఆగలేదు, టాక్సీలోనే రాశాను. మొదటి వాక్యంలో నా ప్రశ్న, రెండో వాక్యంలో పేరమ్మ రాయమని ఒప్పుకున్న తన పూర్తి పేరు. నకలు ప్రొఫెసర్‌కి పంపాను. రేపు ఆయన పిలుస్తాడు. పిలవనీ.