ఎద్దు తల గుర్తు

జర్మనీలో మైన్ నది ఒడ్డున మా ఊరి గ్రంథాలయంలో, డాక్టరేటు చేసిన మా అన్నయ్య ఎకార్ట్ ముప్పై నాలుగేళ్లు పాత రాతప్రతులకు జాబితా రాశాడు. పెళ్లి చేసుకోలేదు. అడిగితే, "సణగడానికి నువ్వున్నావుగా" అనేవాడు నాతో.

అతనికి పేరు తెచ్చింది ఒక ప్రార్థనల పుస్తకం. దాన్ని రాసిన సన్యాసి చివరి పుటలో 1391 అని సంవత్సరం వేశాడు. ఊళ్లో అంతకన్నా పాత పుస్తకం లేదు. అన్నయ్య పదవీ విరమణ సభలో దాన్ని అద్దాల పెట్టెలో ఉంచి, ఆ సంవత్సరం, అన్నయ్య పేరు చెక్కిన ఇత్తడి పలక బిగిస్తామని మేయరు మాటిచ్చారు.

సభకు మూడు రోజుల ముందు అన్నయ్య పళ్లెంలో బంగాళాదుంపలు తినకుండా కెలుకుతూ కూర్చున్నాడు. ఏమైందంటే మెల్లగా చెప్పాడు. పుస్తకాన్ని పెట్టెకు సిద్ధం చేస్తూ ఒక కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టాడట. లోపల కాగితం మిల్లు గుర్తు కనిపించింది: ఎద్దు తల, కొమ్ముల మధ్య పువ్వు. సరిగ్గా అదే గుర్తు ఊరి పాత ఉత్తరాల్లోనూ ఉంది, కానీ అవన్నీ 1450 తర్వాతివి; అంటే పుస్తకం కాగితం తయారైందే అప్పుడు. సన్యాసి తన ముందున్న పాత ప్రతిని చూసి రాస్తూ, అందులోని సంవత్సరాన్నీ పొల్లుపోకుండా దించేశాడన్నమాట. వయసులో ఉన్నప్పుడు అన్నయ్య ఆ అంకె చూసి మురిసిపోయి, కాగితాన్ని వెలుగుకి పట్టనే లేదు.

"ఇంకెవరికి తెలుసు?" అన్నాను.

"నీకు."

"శుక్రవారం సభ గడిచాక దిద్దుబాటు రాయొచ్చుగా."

"కాగితం చూడకుండా తేదీ నమ్మొద్దని ఎంతమందిని తిట్టానో నీకు తెలీదా, హెడీ?"

నేను లేచి అతని తెల్ల చొక్కా ఇస్త్రీ చేశాను.

శుక్రవారం సభలో మేయరు పొగడ్తలయ్యాక అన్నయ్య లేచి, పొరపాటు తనదేనని ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆ పుటను దీపం ముందు పట్టి ఎద్దు తల అందరికీ చూపించాడు.  మేయరు పలక వైపు చూశారు. వెనక వరుసలోంచి మాంసం కొట్టు రూప్రెష్ట్ అన్నాడు: "పుస్తకం వయసు అరవై ఏళ్లు తగ్గించేశారు, డాక్టర్ గారూ. ఈ విద్య మా ఆవిడకి మాత్రం నేర్పకండి."

నవ్వులయ్యాక మొదట చప్పట్లు కొట్టింది అన్నయ్య చేతిలో తిట్లు తిన్న ఉద్యోగులే.

మర్నాడు జాబితా ప్రతులన్నిటిలో దిద్దుబాటు చీటీ తనే అతికించి, కింద సంతకం పెట్టాడు.

బిగించని ఆ పలక ఇప్పుడు మా వంటింట్లో ఉంది. వేడి కాఫీ కూజా దానిమీదే పెడతాను. అదేమిటని అడిగినవాళ్లకి, అన్నయ్య నోరు తెరిచేలోగా, కథంతా నేనే చెబుతాను.