మూడు సెకన్ల దారం

చిత్రోత్సవం జరిగే పది రోజులూ అక్కయ్య వాళ్ళ గుమ్మం పక్కన ఒక చీపురు, ఒక పాత తువ్వాలు, ఒక బకెట్టు సిద్ధంగా ఉండేవి. పొద్దున్నే సంచిలో నోటుపుస్తకం, రెండు పెన్నులు, నాలుగు బ్రెడ్డు ముక్కలు పెట్టుకుని ఆవిడ బయల్దేరేది. వరసగా నాలుగు సినిమాలు చూసి, వీధిలో దీపాలు వెలిగే వేళకి ఇల్లు చేరేది. వాళ్ళాయన తలుపు తీసి, మొహం కంటే ముందు కాళ్ళవైపు చూసేవాడు. ఇసకైతే చీపురు, వానైతే తువ్వాలు, మంచుగడ్డలైతే బకెట్టు.

అక్కయ్యకి ఇది చిన్నప్పట్నుంచీ ఉన్నదే. సినిమాలో ప్రాణం ఉంటే అందులోది ఏదో ఒకటి ఆవిడని అంటుకుని బయటికొచ్చేసేది. గొర్రెల కాపరి సినిమా చూసొస్తే కోటు నిండా ఊలు పోగులు. బొగ్గుగని సినిమా చూశాక వారం రోజులు ఎన్నిసార్లు ఉతికినా దిండు గలీబు నల్లగానే ఉండేది. ఒక వేసవిలో ఎక్కడో ఉత్తరాన తీసిన సినిమా చూసి జేబులో గుప్పెడు మంచు తెచ్చింది. వాళ్ళాయన దాన్ని గ్లాసులో వేసుకుని, నీళ్ళు పోసుకుని, ఆ ఏడాది తనకి ఇదొక్కటే నచ్చిన సినిమా అన్నాడు. చేపల పడవల సినిమా చూసొచ్చిన రోజు మాత్రం కింది వాటా ఆవిడ మెట్లెక్కి వచ్చి, ఇలాంటివి ఉన్నప్పుడు కాస్త ముందు చెబితే కిటికీలు వేసుకుంటాం కదమ్మా అని చెప్పి వెళ్ళింది. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు. కొందరికి ఎండలోకి వస్తే తుమ్ములొస్తాయి, ఈవిడకి ఇది.

ప్రాణం లేని సినిమా చూస్తే ఏమీ అంటుకునేది కాదు. ఏడాదికి మూడొందలు చూస్తే అంటుకునేవి పాతికో ముప్ఫయ్యో. సినిమా వాళ్ళకి ఈ సంగతి తెలుసు. ఆట వదిలాక హాలు ముందు నిలబడి, ఆవిడ బయటికి రాగానే అందరూ ఆవిడ చెప్పులవైపే చూసేవాళ్ళు. ఆవిడ పొడిగా నడిచొస్తే ఆ సినిమా తీసినవాడు అక్కణ్ణుంచి మెల్లగా జారుకునేవాడు. రాతల్లో మొహమాటాలుండొచ్చు గానీ తడిసిన కోటుకి మొహమాటం ఉండదని వాళ్ళ నమ్మకం.

ఇరవయ్యారేళ్ళ కిందట పత్రికవాళ్ళు ఆవిడకి వారానికి ఒక పేజీ ఇచ్చారు, దేశదేశాల సినిమాల గురించి రాయమని. తర్వాత అది అరపేజీ అయింది. ఆ తర్వాత రెండు ప్రకటనల మధ్య మిగిలిన సందు అయింది. ఈ ఏడాది ఉత్సవానికి వారం ముందు ఎడిటరు ఆవిణ్ణి గదిలోకి పిలిచి టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించే మనిషి కాదు కాబట్టి ఆవిడకి అప్పుడే అర్థమైపోయింది. ఎవరూ చూడని సినిమాల గురించి ఎవరూ చదవడం లేదన్నాడు. చదివే నలుగురూ సినిమాకి ఎన్ని చుక్కల రేటింగిచ్చారో చూసి పేజీ తిప్పేస్తున్నారన్నాడు. ఈ ఉత్సవం గురించి రాసి ముగించేయమన్నాడు. ఆవిడ టీ ఆఖరి చుక్క దాకా తాగి ఇంటికొచ్చేసింది.

వాళ్ళాయన పళ్ళ డాక్టర్లకి కట్టుడు పళ్ళు తయారు చేస్తాడు. సంగతి విని, చేతిలో ఉన్న ఎవరిదో పైవరస పళ్ళు బల్ల మీద పెట్టి, "చుక్కలు కూడా వద్దన్నారా?" అని అడిగాడు. వద్దన్నారంది. ఆయన మళ్ళీ ఆ పళ్ళే తీసుకుని నునుపు చెయ్యడం మొదలుపెట్టాడు.

అయితే ఆవిడ దిగులు తన గురించి కాదు, తమ్ముడి గురించి.

తమ్ముడు ఆవిడ కంటే పదేళ్ళు చిన్న. తండ్రి లేని ఇంట్లో తల్లి పొద్దస్తమానం కుట్టుపని ముందు కూర్చుంటే, వాణ్ణి వెంటేసుకుని సినిమాలకి తిప్పింది ఈవిడే. వాడు బళ్ళో పాఠాలు చదవడం కంటే ముందు తెర కింద పరిగెత్తే మాటలు చదవడం నేర్చుకున్నాడు. వీడు చెడిపోతే పాపం నాదేనని ఒకప్పుడు నవ్వుతూ అందరితోనూ చెప్పుకునేది. ఆ మాట అనడం మానేసి చాలా ఏళ్ళయింది. మెషిన్లు ఎలా తుడవాలో, మంటలు లేస్తే ఏ తలుపులోంచి పరిగెత్తాలో చూపించే వీడియోలు ఒక కంపెనీకి తీసిపెడుతూ, మిగతా బతుకంతా పోసి వాడు పదకొండేళ్ళలో ఒక్క సినిమా తీశాడు. బస్సు డిపోలో, వానలో, రాని మనిషి కోసం ఎదురుచూసే ఒకడి కథ. వాన కోసం మంటలార్పే బండ్లు తెప్పించి, పంతొమ్మిది రోజుల పాటు పైపులతో కురిపించాడు. ఈ మధ్యలోనే వాడి భార్య పుట్టింటికెళ్ళి మరి రాలేదు. రెండేళ్ళ కిందట అమ్మ పోయింది. సినిమా మాత్రం పూర్తయింది.

ఉత్సవంలో దానికి చోటు దొరికింది. ఆఖరి రోజు, పొద్దున పదింటి ఆట, ఎనభై కుర్చీల చిన్న హాలు. అదే రోజు, ఇంతకంటే ఎన్నో రెట్లు పెద్ద ఉత్సవానికి సినిమాలు ఏరుకునే పెద్దాయన కూడా అక్కడ ఉన్నాడు. ఆయనకి పదింటికి వేరే సినిమా ఉంది, కానీ అది అయిపోయాక ఇటు వచ్చి హాలు ముందు కూర్చుంటానన్నాడు. మీ అక్కగారిని చూస్తే నేను సినిమా చూసినట్టేనని తమ్ముడితో అన్నాడట.

ముందురోజు తమ్ముడు ఫోన్ చేసి ఈ మాట చెప్పాడు.

"నువ్వు నాకోసం ఏమీ చెయ్యొద్దక్కా. మామూలుగా చూడు, చాలు."

మామూలుగానే చూస్తానంది.

హాల్లో ముప్ఫయి మంది దాకా ఉన్నారు. తమ్ముడు లోపలికి రాలేదు. అక్కయ్య ఎప్పటిలాగే మూడో వరసలో చివరి కుర్చీలో కూర్చుని, నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పాదాలు నేలకి ఆనించింది. తెర మీద వాన మొదలైంది. మంచి వాన. దీపస్తంభం వెలుగులో ఒక్కో చినుకూ విడివిడిగా కనిపిస్తోంది. ఆవిడ పాదాలు చల్లబడతాయని ఎదురుచూసింది. అరగంటయింది, గంటయింది. ప్రతి దృశ్యమూ అందంగానే ఉంది. చిక్కంతా అక్కడే ఉంది. ఆ కిటికీ ఏ సినిమాలోదో ఆవిడకి తెలుసు, ఆ ఖాళీ బెంచీ ఎక్కడిదో తెలుసు, ఆ మనిషి వెనక్కి తిరిగి చూసే తీరు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు. అన్నీ తను వేలు పట్టుకుని తీసుకెళ్ళి వాడికి చూపించినవే. లేచి వెళ్ళిపోతున్న వాళ్ళ కుర్చీలు ఒక్కొక్కటీ టపటపమని మడుచుకుంటుంటే ఆవిడ తల తిప్పకుండా కూర్చుంది.

డెబ్భయ్యో నిమిషం దగ్గర అమ్మ కనిపించింది. వాళ్ళ అమ్మే. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని చొక్కాకి గుండీ కుట్టి, దారాన్ని పళ్ళతో కొరికింది. మూడు సెకన్లు. అక్కయ్య ముందుకి వంగింది. తేరుకునేలోపు మళ్ళీ వాన వచ్చేసింది.

దీపాలు వెలిగేసరికి పదకొండు మంది మిగిలారు. ఆవిడ చెప్పులు చూసుకుంది. పొద్దున తుడుచుకుని వచ్చినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. భుజాలు తడుముకుంది. పొడి.

హాల్లోంచి బయటికి రెండు దారులున్నాయి. ఒకటి పెద్దాయనా తమ్ముడూ ఎదురుచూస్తున్న చోటికి, ఇంకొకటి ఆడవాళ్ళ బాత్రూముకి. ఆవిడ రెండో దారిన వెళ్ళింది. అద్దం ముందు నిలబడి, కుళాయి తిప్పి, ఎంతసేపు నీళ్ళవైపు చూసిందో ఆవిడకే తెలీదు. ఇరవయ్యారేళ్ళలో ఎంతో మంది కొడుకులు, తమ్ముళ్ళు తీసిన సినిమాల్లోంచి పొడిగా నడిచొచ్చింది. వాళ్ళలో కొందరి మొహాలు ఇప్పటికీ గుర్తున్నాయి. దోసిట్లో నీళ్ళు పట్టి తల మీద పోసుకుంది. భుజాలు తడుపుకుంది. కాళ్ళ మీద కూడా పోసుకుని, చెప్పులు కిచకిచమనేలా చేసుకుని బయటికొచ్చింది.

పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆవిణ్ణి పైనించి కిందికి చూసి, తృప్తిగా తలాడించి, చేతిలో పుస్తకం తెరిచి రాసుకోవడం మొదలుపెట్టాడు. తమ్ముడు పరిగెత్తుకొచ్చి ఆవిణ్ణి చుట్టేసుకున్నాడు. నలభయ్యొక్కేళ్ళ మనిషి, పసివాడిలా వెక్కుతున్నాడు. అలా పట్టుకునే ఒక్క క్షణం ఆగాడు. ఆవిడ జుట్టులోంచి బ్లీచింగు పౌడరు వాసన వస్తోంది. ఆ చేతులు మెల్లగా వదులయ్యాయి.

"కుళాయి నీళ్ళా అక్కా?" అని చెవిలో అడిగాడు.

తమ్ముడు కళ్ళు తుడుచుకుని, వెళ్ళి పెద్దాయన ముందు నిలబడ్డాడు. ఏం చెప్పాడో ఆవిడకి వినపడలేదు. పెద్దాయన పుస్తకం మూసి, వాడి భుజం తట్టి, ఇటు చూడకుండా వెళ్ళిపోవడం మాత్రం కనిపించింది.

ఇద్దరూ వీధి దాటి బస్‌స్టాపు బెంచీ మీద కూర్చున్నారు. ఎండగా ఉంది, కోటు ఆరుతోంది. తమ్ముడికి కోపం లేదు, అదే ఆవిడకి భరించరానిదిగా ఉంది. తనకి ఎప్పుడో అనుమానం వచ్చిందనీ, ఎడిటింగులో వాన చూస్తుంటే దాహం వేసేదనీ చెప్పాడు. కంపెనీవాళ్ళు ఇంకో ఊళ్ళో ఉన్న ఆఫీసుకి రమ్మంటున్నారట, పర్మనెంటు చేసి, ఉండడానికి ఇల్లు కూడా ఇస్తారట. సోమవారం లోపు ఏ సంగతో చెప్పాలి. వెళ్ళిపోతానన్నాడు. కెమెరా తీసుకెళ్ళనన్నాడు. అలా అంటున్నప్పుడు వాడి మొహం ఎన్నో ఏళ్ళ తర్వాత నిద్రపోయి లేచిన మొహంలా ఉంది. ఆవిడకి ఏడుపొచ్చినా, లోపల ఎక్కడో బరువు దిగినట్టు కూడా అనిపించింది.

అప్పుడే కోటు చేతికింద మణికట్టు దగ్గర ఏదో చురుక్కుమంది. మడిచి చూసుకుంది. సన్నటి కుట్టుసూది, దానికి మూరెడు తెల్లదారం. దారం కొస తడిగా, పళ్ళతో కొరికినట్టు నలిగి ఉంది.

ఆవిడ గుప్పిట మూసేసింది. తమ్ముడు రోడ్డువైపు చూస్తూ, ఆ ఊళ్ళో తనకిచ్చే ఇంటి గురించి ఏదో చెబుతున్నాడు. గుప్పిట అలాగే ఉంచుకుంటే సోమవారం సరేనని చెప్పి వాడు బస్సెక్కేస్తాడు. కానీ ఇరవయ్యారేళ్ళుగా సినిమా ఏమిస్తే అదే చూపించిన మనిషి ఆవిడ. ఇందాకే ఒక అబద్ధం ఆడింది, ఇంకొకటి ఆడే ఓపిక లేకపోయింది. గుప్పిట తెరిచింది.

తమ్ముడు మాట మధ్యలో ఆగిపోయాడు. దారం వేళ్ళతో తీసి చూశాడు. కొసన ఉన్న ముడి చూశాడు. అలా రెండుసార్లు మెలేసి ముడెయ్యడం వాళ్ళమ్మకి తప్ప ఎవరికీ అలవాటు లేదు.

"అది నేను తీసింది కాదక్కా," అన్నాడు. "వెలుగు సరిపోయిందో లేదో చూసుకోడానికి కెమెరా ఆన్ చేశాను. అమ్మ అడ్డంగా కూర్చుందని, లేచి పక్కకెళ్ళమన్నాను. లేచే ముందు దారం కొరికింది. అంతే."

తమ్ముడు ఆ ఊరెళ్ళలేదు. సోమవారం ఏ కబురూ పంపలేదు. ఇంట్లో ఉన్న పాత డిస్కులన్నీ ముందేసుకుని, పదకొండేళ్ళ వీడియోల్లో అమ్మ కోసం వెతికాడు. ఒక చోట మోచెయ్యి దొరికింది, ఒక చోట అమ్మ పక్క గదిలో దగ్గిన చప్పుడు. మిగిలినవన్నీ, డిస్కుల్లో చోటు చాలక, వాన దృశ్యాల కోసం ఎప్పుడో తనే చెరిపేసుకున్నాడు. వారం పోయాక కంపెనీ ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చింది. అక్కయ్య తన ఆఖరి సమీక్షలో, తొంభై ఎనిమిది నిమిషాల్లో మూడు సెకన్లు మాత్రం ప్రాణంతో ఉన్నాయనీ, వాటి కోసం ఎవరైనా వెళ్ళి చూడాలనీ రాసింది. పత్రికలో చోటు చాలక సినిమా పేరూ రెండు చుక్కలూ మాత్రమే అచ్చయ్యాయి.

అప్పట్నుంచి ఆదివారం మధ్యాహ్నాలు వాడి గదిలో కర్టెన్లు దించేవాళ్ళు. కోటేసుకుని అక్కయ్య కుర్చీలో కూర్చునేది. తమ్ముడు ఆ మూడు సెకన్లూ చిన్న ప్రొజెక్టరుతో గోడ మీద వేసేవాడు. సూది మళ్ళీ రాలేదు. దారం మాత్రం మొదట్లో జానెడు, తర్వాత బెత్తెడు, తర్వాత గోరు పొడవున వచ్చేది. మోచెయ్యి నుంచీ దగ్గు నుంచీ ఏమీ రాలేదు. వచ్చిన దారాన్ని తమ్ముడు ఒక అట్టముక్కకి చుట్టి పెట్టుకునేవాడు. పని ఎక్కడైనా చూసుకోరా అని బావ రెండుసార్లు చెప్పి చూశాడు. చూస్తాను బావా అనేవాడు. గడ్డం పెరిగింది. కెమెరా పాత సామానువాడికి పోయిందో, మంచం కిందే ఉందో అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం ఏమీ రాలేదు. తమ్ముడు ఆవిడ కోటు చేతులు విప్పి చూశాడు, జేబులు తిరగేశాడు, కుర్చీ కింద చేత్తో తడిమాడు. గోడ మీద అమ్మ తల వంచుకుని గుండీ కుడుతోంది.

"అరిగిపోయినట్టుందిరా," అంది అక్కయ్య.

వాడు కిందే కూర్చుండిపోయాడు. తల ఎత్తకుండానే, ఇంకోసారి వెయ్యనా అని అడిగాడు.

ఏమీ రాదని ఆవిడకి తెలుసు. రాదని వాడికీ తెలుసు. వెయ్యమంది. వాడు లేచి మిషను తిప్పేలోపు కోటు చేతులు సరిచేసుకుని, రెండు అరచేతులూ ఒళ్ళో చాపుకుని గోడవైపు చూస్తూ కూర్చుంది.