కదపకూడని చెయ్యి

నా నోరు మంచిది కాదని ఇంటాబయటా అందరూ అంటారు. ఒప్పుకుంటాను. కానీ నా చెయ్యి మంచిది కాదని ఇంతవరకు అన్నవాళ్ళు లేరు. బేకరీలో కేకుల మీద క్రీముతో గులాబీలు వేసేది నేనే. రేకు మీద రేకు, అంచు వంకర పోకుండా, కోసేవాళ్ళకి చెయ్యి రాకుండా వేసేదాన్ని. "ఆ పూలావిడ ఉందా?" అని అడిగి మరీ ఆర్డరిచ్చేవాళ్ళు. ఇంటికొచ్చి అదే చేత్తో గిన్నెలు తోమేదాన్ననుకోండి, అది వేరే సంగతి.

పూలు వేసుకునేదానివి పిండి మిషను దగ్గరికెందుకెళ్ళావూ అంటారా? ఓనరు పొమ్మన్నాడు గనక. పిండి చూసుకునేవాడు ఆ రోజు రాలేదు. ఆ మిషనులో రెండు ఇనుప రోలర్లు ఒకదానిమీద ఒకటి తిరుగుతుంటాయి, మధ్యలోంచి పిండి పల్చగా బయటికొస్తుంది. వాటి ముందు జాలీ ఉండాలి. జాలీ ఎత్తితే మిషను తనంతట తనే ఆగాలి. మాటిమాటికీ ఆగిపోతోందని, పని సాగట్లేదని, ఓనరే దాన్ని ఊడబీకించి మూల పడేశాడు.

"చూసుకుని పెట్టమ్మా చెయ్యి, అంతేగా" అన్నాడు.

చూసుకునే పెట్టాను. పిండి వేళ్ళకి అంటుకుంది. పిండితోపాటు నా చేతినీ మణికట్టు దాకా లాక్కుంది మిషను. ఎవరో స్విచ్చి ఆపేలోగా నా అరుపులకి వీధిలోవాళ్ళు లోపలికొచ్చేశారు. ఓనరు మాత్రం పిండి ఎంత పాడైందో చూసుకున్నాడు. ఒట్టు, నా కళ్ళతో చూశాను.

ఆసుపత్రిలో వేళ్ళకి తీగలు గుచ్చి ఎముకలు అతికించారు. కట్టు విప్పిన రోజు వ్యాయామాలు చేయించే పిల్ల వచ్చింది. మనిషి సన్నం గానీ పట్టు మాత్రం ఉడుంపట్టు. నా చేతిలో మెత్తటి రబ్బరు బంతి పెట్టింది.

"నొక్కండక్కా. ఏడుపొచ్చినా నొక్కండి. రోజూ వేణ్ణీళ్ళలో పెట్టి వేళ్ళు తెరవండి, ముయ్యండి. ఇప్పుడు బద్ధకించారంటే బిగుసుకుపోతాయి. తర్వాత ఎవరొచ్చినా ఏం చెయ్యలేరు."

"మళ్ళీ గులాబీలు వేస్తానంటావా?"

"ఎందుకు వెయ్యరు? మొదటి కేకు నాకే."

నొక్కాను. పై ప్రాణాలు పైనే పోయాయి. కానీ చూపుడు వేలు కాస్త వంగింది. ఆ వంగిన వేలిని చూసుకుని, నడక నేర్చిన చంటిపిల్లని చూసినట్టు మురిసిపోయాను.

అదిగో, అప్పుడు దిగబడింది మా వదిన. మా ఆయనకి అక్క. ఒక లాయరు దగ్గర ఫైళ్ళు సర్దుతుంది గానీ, ఆవిడ మాటలు వింటే ఆ లాయరే ఈవిడ దగ్గర గుమాస్తా అనుకోవాలి. వెనకాల మేమంతా ప్లీడరమ్మ అంటాం. ఓనరు మీద నష్టపరిహారం కేసు వేయించింది ఆవిడే. అంతవరకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టేదాన్ని, రెండోది లేస్తే. ఆ తర్వాత నా చేతిలో బంతి చూసింది.

"ఇదేంటే?"

"వ్యాయామం వదినా."

"మతి ఉందా నీకు? చెయ్యి ఎంత పోయిందో డాక్టరు పర్సంటు కడతాడు. ఆ పర్సంటుని బట్టే డబ్బు. నువ్విలా బంతాట ఆడుకుంటే ఇంకేం మిగులుతుంది, నా మొహం! కేసు తేలేదాకా ఆ చెయ్యి కదపడానికి వీల్లేదు. తర్వాత పెద్ద డాక్టరుతో ఆపరేషను చేయిద్దాం, మామూలైపోతుంది."

మా ఆయన అద్దె వ్యాను తోలతాడు. సొంత వ్యాను కొనాలని పెళ్ళికి ముందు నుంచీ కలలు. అక్క అన్నదానికల్లా గంగిరెద్దులా తలాడించాడు. "కొన్నాళ్ళేగా, ఓర్చుకోవే" అంటూ బంతిని అటకెక్కించాడు. నాకు అటక అందదు. ఒంటిచేత్తో స్టూలు ఎక్కలేను. ఆ సంగతి ఆయనకి బాగా తెలుసు.

ఊరుకున్నానా నేను? "మీ వ్యాను చక్రాలకి నా వేళ్ళే దొరికాయా?" అని ఇల్లు పీకి పందిరేశాను. తిండి మానేశాను. దాంతో వదిన ఏకంగా పెట్టె సర్దుకొచ్చి మా ఇంట్లో మకాం పెట్టింది. చేతిని మెడకి గుడ్డతో వేలాడదీసి, నేను విప్పుకోకుండా ముడి వీపు మీద వేసేది. స్నానాలగదిలో వేణ్ణీళ్ళ బకెట్టులో దొంగతనంగా వేళ్ళు ఆడించుకుంటుంటే తలుపు సందులోంచి కనిపెట్టేసి, మర్నాటి నుంచి తనే నీళ్ళు పోయడం మొదలెట్టింది. నా చెయ్యి నేను కదుపుకోడానికి దొంగనయ్యాను, చూడండి నా ఖర్మ!

ఆ వ్యాయామాల పిల్ల ఫోన్లు చేసి చేసి, ఒకరోజు డ్యూటీ దిగి మా ఇంటికే వచ్చింది. వదిన గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏంటమ్మా ఇంత ఆత్రం? మనిషికింతని కమీషనేమన్నా ఇస్తారా మీకు?"

లోపల్నుంచి నేను "రా తల్లీ, లోపలికి రా" అని అరిచాను. మా ఆయన టీవీ సౌండు పెంచాడు.

అలా అలా వేళ్ళు లోపలికి ముడుచుకుపోయాయి. గోళ్ళు అరచేతిలో దిగేవి. అరిచి అరిచి నాకూ విసుగొచ్చింది. పెద్ద డాక్టరు, ఆపరేషను అని వాళ్ళు చెప్పే కబుర్లని పట్టుకుని వేలాడటం మొదలెట్టాను. ఇంకేం చెయ్యను మరి?

విచారణ రోజు వదిన నాకు వెలిసిపోయిన బట్టలు కట్టించింది. తల దువ్వుకోనివ్వలేదు. "ఏడుపు రాకపోతే చెయ్యి బల్లకి కొట్టుకో, అదే వస్తుంది" అని నేర్పింది. ఓనరు ఇస్త్రీ చొక్కాలో ముందు వరసలో కూర్చున్నాడు. అతని తరఫు డాక్టరు నా చేతిని అటూ ఇటూ తిప్పాడు, ఎక్స్‌రేలు లైటుకి పెట్టి చూశాడు.

"ఎముకలు చక్కగా అతికాయి. నరాలు దెబ్బతినలేదు. ఇలా బిగుసుకుపోయింది రోలర్ల వల్ల కాదు, వాడకుండా ఉంచడం వల్ల. వ్యాయామం చేసుంటే ఈ చెయ్యి చాలావరకు తిరిగొచ్చేది" అన్నాడు.

తిరిగొచ్చేదట. ఆ మాట విన్నాక గదిలో ఇంకేం వినబడలేదు నాకు.

విచారణాధికారి రెండుసార్లు పిలిస్తే గానీ ఈ లోకంలోకి రాలేదు. "ఏమ్మా, ఎందుకు చెయ్యలేదు వ్యాయామం? నీకెవరూ చెప్పలేదా?"

వదిన వెనకనుంచి నా నడుం గిల్లింది. "చెప్పలేదను. ఆ పిల్ల అసలేం చెప్పనేలేదను" అని చెవిలో గుసగుసలాడింది. ఆ పిల్ల ఎదుటి బెంచీ మీదే ఉంది, సాక్ష్యానికి పిలిపించారు. చెప్పలేదని ఒక్క ముక్క అంటే చాలు, దాని ఉద్యోగం ఊడుతుంది, నాకు డబ్బొస్తుంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెప్పింది సార్! లక్షసార్లు చెప్పింది, ఇంటికొచ్చి మరీ చెప్పింది. చెయ్యనివ్వనిది వీళ్ళు! ఈవిడ గుడ్డతో కట్టి వీపు మీద ముడేసింది. ఈయనగారు బంతిని అటకెక్కించాడు. పర్సంటు తగ్గిపోతుందని!"

అధికారి అంతా రాసుకున్నాడు. మా ఆయన నేల చూపులు చూశాడు. జాలీ తీయడం ఓనరు తప్పేనట, కానీ రోలర్ల వల్ల జరిగింది కొంతేనట, మిగతాదంతా మా ఇంట్లోవాళ్ళ చలవేనట. తీర్పు అలా వచ్చింది. వరండాలో ఓనరు పనిగట్టుకుని నా దగ్గరికొచ్చి, "నిజాయితీ గల మనిషివమ్మా, నేనెప్పుడో అనుకున్నాను" అన్నాడు. చెప్పు తీసుకుని కొట్టేదాన్నే, చెప్పు పట్టుకునే చెయ్యి లేకపోయింది.

ఇంటికొచ్చాక వదిన నన్ను తిట్టని తిట్టు లేదు. "కట్టుకున్నవాడి నోట్లో మట్టికొట్టావు కదే" అని శాపనార్థాలు పెట్టింది. వచ్చిన చాలీచాలని సొమ్ముకి వ్యాను కాదుకదా, దాని టైర్లు కూడా రావని మా ఆయన అన్నం ముందు కూర్చుని గొణిగాడు. పెద్ద డాక్టరు ఊసు మాత్రం ఇద్దరూ ఎత్తలేదు. నేనే ఎత్తాను. ఎత్తి, పోరి, గిన్నెలు విసిరికొడితే, "సరే పద, బాగైతే కనీసం పనిలోకన్నా పోతావు" అని మా ఆయన బయల్దేరాడు.

ఆసుపత్రిలో ఆ పిల్ల నన్ను చూడగానే ఒక్క మాట నిష్ఠూరమాడలేదు. నా చేతిని వేణ్ణీళ్ళలో నానబెట్టి, ఒక్కో వేలినీ పట్టుకుని మెల్లగా లాగింది. నేను పెట్టిన కేకకి పక్క గదిలో వాళ్ళు తొంగిచూశారు. వేలు మాత్రం కదల్లేదు. పెద్ద డాక్టర్ని పిలుచుకొచ్చింది. ఆయనా ప్రయత్నించాడు, ఫోటోలు తీయించి చూశాడు, కీళ్ళు లోపల అతుక్కుపోయాయని, కోసినా లాభం లేదని చెప్పి వెళ్ళిపోయాడు.

"ఇంక తెరుచుకోదా?" అన్నాను.

"తెరుచుకోదక్కా" అంది ఆ పిల్ల. దాని కళ్ళలో నీళ్ళు. నేను పరాయిమనుషుల ముందు ఎన్నడూ ఏడ్చి ఎరగను. ఆ రోజు ఏడ్చాను. ముడుచుకుపోయిన ఆ చేతిని ఒళ్ళో పెట్టుకుని, సిగ్గూ ఎగ్గూ లేకుండా వలవలా ఏడ్చాను.

గోడకానుకుని నిలబడ్డ మా ఆయన దగ్గరికొచ్చాడు. భుజం మీద చెయ్యేస్తాడేమో అనుకున్నాను.

"ఇంక ఎప్పటికీ తెరుచుకోదా?" అని ఆ పిల్లని అడిగాడు.

"ఎప్పటికీ" అంది.

మిషనులో చెయ్యి పడ్డ తర్వాత మా ఆయన మొహంలో వెలుగు చూడటం అదే మొదలు.

"అయితే ఆ మాటే కాయితం మీద రాసివ్వు తల్లీ" అన్నాడు. "పై కోర్టులో పర్సంటు పెరుగుతుంది."