లోపలి గడియ

మృగశిర కార్తె ప్రవేశించినను మేఘములు తూర్పుకనుమల శిఖరములపై నల్లని గొంగళులవలె పరచుకొని యొక్క చినుకునైనను రాల్పక జనుల ఓరిమిని పరీక్షించుచుండెను. ఉక్కపోతకు ఊపిరాడని ఆ యపరాహ్ణవేళ సముద్రతీరమండలమందలి యొక కారాగారమున ఉన్నతప్రాకారపరివేష్టితమైన విశాలాంగణమునందు గాలి సైతము వెలికిపోవు దారి గానక వచ్చినచోటనే తిరుగుచుండెను. వేపకొమ్మలపై కాకులొకచోట నిలువక చిరాకుపడుచు తావులు మార్చుకొనుచుండెను. అట్టి సమయమున పాత నేతపాకలో నొక చిత్రమైన పాఠము జరుగుచుండెను.

ఆ పాకనడుమ గోడ లేదు గది లేదు. నిలువుదూలముల కానించిన ద్వారబంధమును దానికి తగిలించిన యొక జంటరెక్కల తలుపును మాత్రము నిలిచియుండెను. దాని కావల నొక నులకమంచమును నీళ్లకుండయు నుంచి ఆ వట్టి చోటునకు ఇల్లని పేరు పెట్టినది సోమిదేవమ్మ. ఆమె చిరకాలము బాలికాపాఠశాలలో పంతులమ్మగా నుండి కొలువు చాలించి విడుదల సమీపించిన ఖైదీలకు లోకమున మెలగు తీరు నేర్పుటకు అధికారిని వేధించి వేధించి యనుమతి సాధించుకొన్న మొండిమనిషి. ముక్కుసూటితనమునకును ముక్కుమీది కోపమునకును ఆమెకు ఆ పట్టణమున సాటి లేదు.

తలుపు తోయుట కూడ నొక విద్యయా యని నవ్వకుము చదువరీ! కారాగారమున ఖైదీ తలుపు ముట్టరాదు. తెరచువాడొకడు మూయువాడొకడు. తలుపు కనబడినంతనే కొంత యెడముగ నిలిచి చేతులు వెనుకకు కట్టుకొని తల వంచి వేచియుండుటయే యచటి మర్యాద. ఏండ్లతరబడి యట్లు నిలిచినవాడు వెలికివచ్చినపిదపను హోటలు ముందరను ఆసుపత్రి ముందరను సొంతయింటి ముందరనుగూడ నట్లే నిలుచును. చూచినవారు పిచ్చివాడనియో దొంగయనియో తలంతురు. అన్నగారి వాకిట నట్లే నిలిచి నిలిచి లోనివారికి తాను అక్కఱలేదని తలపోసి వెనుదిరిగి కొలదికాలములోనే మరల చెరసాల చేరినవాని నొకని సోమిదేవమ్మ స్వయముగ నెరుగును. ఆ కడుపుమంటయే యీ తలుపును నిలిపినది.

అధికారి తలుపునకు సమ్మతించెనుగాని గడియకు సమ్మతింపలేదు. లోపల గడియ వేసికొని కూర్చున్న ఖైదీని వెలికి లాగు భారమెవనిది? కావున నా తలుపునకు గడియ లేదు. పెద్దవార్డరు మాత్రము అటు పోవుచు ఇటు వచ్చుచు "నేల విడిచి సాము చేయిస్తన్నారు పంతులమ్మగారూ!" యని యెకసక్కెములాడుచుండెను.

శిష్యులందరిలోను మందుడు గవరయ్య. వాడు పుష్కరకాలము మించి యా ప్రాకారములలోనే తల నెరసినవాడు. పూర్వము చెరకుతోటల నీటివంతు విషయమున భార్యకు తోడబుట్టిన దేముడునాయునితో మాటకు మాట పెరిగి చేతనున్న పారతో నొక్క వ్రేటు వేయగా ఆ బావ కాలువగట్టుననే ప్రాణములు విడిచెను. వీని భార్య యా దిగులుతో మంచము పట్టి మరల లేవలేదు. పసికందైన వీని కూతురు నూకాలును ఎత్తుకొనిపోయి పెంచినదెవరనుకొంటివి? ఆ చచ్చినవాని భార్య పైడమ్మయే! ఆ తల్లి గుండె యెట్టిదో దైవమునకే యెరుక.

ఆశ్రయమిచ్చు నిల్లొకటి యున్నగాని గవరయ్యను ముందుగా విడువ వీలులేదని అధికారులు తేల్చిచెప్పిరి. వానికి ఆ పైడమ్మ గడప తప్ప లోకమున వేరు గడప లేదు. అంతట సోమిదేవమ్మ బస్సెక్కి యా యూరు పోయి వాకిట చేటతో బియ్యము చెరుగుచున్న పైడమ్మ యెదుట కూర్చుండి తాను వచ్చిన పని చెప్పెను. పైడమ్మ చాలసేపు చేట నాపలేదు. తుదకు తలయెత్తకయే యిట్లనెను.

"పిల్ల ఏడుపు సూడనేక ఒప్పుకుంతన్నాను పంతులమ్మా. రమ్మనండి. నాను ఎదురెల్లను, పిలవను. మా ఆయన్ని సంపినోడికి నా సేత్తో తలుపు తీస్తే రేపు పైన ఆయనకి ఏ మొకంతో కనబడీది? తలుపు సేరేసుంటాది. తోసుకొని రమ్మనండి. దీపాలేల దాకా సూస్తాను. అప్పటికీ రాకపోతే మరీ గుమ్మం తొక్కక్కర్నేదు."

లోపల కంబము చాటున నిలిచిన నూకాలు కన్నులలో ప్రాణములు పెట్టుకొని పంతులమ్మను చూచుచుండెను. ఆ చూపు సోమిదేవమ్మను తిరుగుబస్సున నంతటను వెంటాడెను.

ఆ మాట పంతులమ్మ వచ్చి చెప్పిన నాటినుండి గవరయ్యకు నిలుకడ లేదు. కాలుగాలిన పిల్లివలె పాకలో నిటునటు తిరుగును. తలుపు సమీపించును. చేతులు వాటియంతటవే వెనుకకు పోవును. "చేతులు ముందుకు!" అని సోమిదేవమ్మ గద్దించును. వాడు చేయి చాచును. వ్రేళ్లు కొయ్యకు తగులకమున్నే వణకి వెనుకకు దిగును. ఆమె యొకనాడు విసిగి కుండెడు నీళ్లు వాని తలపై కుమ్మరింపవలెననుకొని తమాయించుకొనెను. తినగ తినగ వేము తియ్యనుండునన్నట్లు దినదినాభ్యాసమున వాని చేయి కుదుటబడెను. విడుదలకు ముందటి వారమున వాడు వడివడిగ వచ్చి తలుపు తోసికొని లోనికిపోయి మంచముపై కూర్చుండి కుండలోని నీళ్లు త్రాగెను. పెద్దవార్డరు సైతము చప్పట్లు చరచెను. సోమిదేవమ్మ యానాడు గెలిచితి ననుకొనెను. పాపము!

విడుదలనాడు ఆమె వానిని వెంటబెట్టుకొని సాయంసమయమునకు ఆ యూరు చేర్చెను. మబ్బులు క్రిందికి దిగి యూరంతయు నుడికిపోవుచుండెను. అరుగులపైనున్నవారు మాటలాపి చూచిరి. పైడమ్మ యింటి తలుపు చేరవేసియుండెను. సోమిదేవమ్మ వీధికావల నొక గోడ ప్రక్క నిలిచి పొమ్మని సైగ చేసెను. గవరయ్య నడచెను. మెట్టెక్కెను. తలుపు ముందర కొంత యెడముగ నిలిచెను. చేతులు మెల్లగ వెనుకకు పోయెను.

ప్రొద్దు వాలుచుండెను. వాడు కదలడు.  దీపము వేళ దాటెనా వీనికి ఇల్లు లేదు. ఆ పిల్లకు తండ్రి లేడు. సోమిదేవమ్మ యిక నోపలేక వీధి దాటివచ్చి గొంతు తగ్గించి మండిపడెను.

"ఏమయ్యా, ఇన్నాళ్లూ నేర్చుకున్నదంతా గంగలో కలిపావా? తొయ్యి!"

"తలుపు బయం పోనాదమ్మా."

"మరి దేనికి నిలబడ్డావు?"

గవరయ్య కుడిచేతిని ముందుకు తెచ్చి యది యన్యుల చేయియైనట్లు చూచెను. "ఈ సెయ్యమ్మా. ఆయేల పార ఎత్తింది ఈ సెయ్యే. ఈ తలుపు బావ కట్టించుకున్నాడు. టేకు సెక్క నానూ ఆయనా బండి మీద ఏసుకొచ్చినాం. దారంతా నవ్విస్తానే ఉన్నాడు. దీన్ని ఈ సేత్తో ఎలాగ తోసీది?"

పాఠము చెప్పి చెప్పి కరకుదేరిన సోమిదేవమ్మయు ఆ చేతినే చూచెను. తాను తలుపును గురించి యెంతయో తలపోసినది. చేతిని గురించి తలపోయనేలేదు. ఒకరి దుఃఖమున కొకరు పాఠక్రమము వ్రాయబూనుట యెంత సాహసము! ఆమె చెంగుతో మొగము తుడుచుకొని మరల గోడ ప్రక్కకు పోయి నిలిచెను.

లోపల నూకాలు తలుపు దాకను వచ్చుచు మరలుచుండెను. పలుచని కొయ్య కావల పలికిన పలుకులన్నియు పైడమ్మ చెవిని పడియేయుండెను.  ఆమె ప్రమిదలో నూనె పోసెను. వత్తి యెగదోసెను. అగ్గిపుల్ల గీసెను. దీపము వెలిగిన యింట వీధితలుపు మూసియుండరాదనుట తెలుగుగడ్డపై ముత్తైదువ యెరుగును మోడుబారినదియు నెరుగును. ఆ వేళ తలుపు తీయని యింటికి లక్ష్మి రాదందురు. పైడమ్మ ఆనాడు దీపాలవేళ యని గడువు పెట్టినపుడు ఈ మాట మరచి పెట్టెనో తలచి పెట్టెనో మన మడిగి తెలిసికొనజాలము.

రెక్కలు రెండును తెరచుకొనెను. పైడమ్మ దీపమును చేతబట్టి గుమ్మమున నిలిచి గవరయ్యను గాక వాని తలపైనున్న మబ్బును చూచుచు "దీపాలేల తలుపు మూసుండకూడదు. అందుకే తీసినాను" అని గట్టిగ నరుగులవారందరికి వినబడునట్లు పలికి వెనుదిరిగి దీపమును గూటిలో నుంచెను. 

నూకాలు చెంబుతో నీళ్లు తెచ్చి తండ్రి పాదములపై పోసెను. "అయ్యా, రా" అనెను. గవరయ్య గడప దాటెను. "అప్పా..." అని యక్కవరుసను పిలిచి తల వంచుకొనెను.  పైడమ్మ పొమ్మనలేదు.

అంతలో ఇన్నాళ్లు బిగబట్టిన గాలి యొక్కపెట్టున వీధినిండ విసరెను. గూటిలోని దీపము తలవాల్చెను. పైడమ్మ చప్పున అరచేయి యడ్డుపెట్టి గోడతో చెప్పినట్లు చెప్పెను. "దీపం కొండెక్కీసీలాగుంది. ఆకర్ని లోనకొచ్చినోలే తలుపేసి గడియెట్టాల. ఈ ఇంట అదే పద్దతి."

వీధికావల నిలిచిన సోమిదేవమ్మ రెక్కలు దగ్గరకు వచ్చుట చూచెను. పార యెత్తిన ఆ చేయియే రెక్కలను మూయుచుండెను. రెక్కలు కలియుటకు జానెడు సందు మిగిలినపుడు ఆ సందునుండి నెరసిన రోమముల చేయి యొకటి బయటికి వచ్చెను. తలుపు బయటివైపున తడవెను. పైన తడవెను. క్రింద తడవెను. గడియకొరకు వెదకుచుండెను. ఔరా! పుష్కరకాలము వాడెరిగిన గడియలన్నియు తలుపునకు బయటివైపుననే యుండెనుగదా!  ఇది సోమిదేవమ్మ నేర్పలేదు. నేర్పుటకు తన తలుపునకు గడియయే లేదు.

అపుడు మట్టిగాజుల చేయి యింకొకటి యా సందునుండి వచ్చి యా ముసలిచేతిని మణికట్టుకడ పట్టుకొనెను.

"అటేపు కాదు అయ్యా. గడియ ఇటేపుంది."

రెండు చేతులును లోనికి పోయెను. తలుపు మూతపడెను. గాలిహోరులో సోమిదేవమ్మ చెవియొగ్గి నిలిచెను. తడబడుచు నొకసారి జారి మరల నెక్కి తుదకు గడియ పడిన చప్పుడు ఆ యింటి లోపలినుండి వినబడెను.